పలక గడ్డికట్టలు మోయుటకు, వాము వేయుటకు తగిన సాధనములు

వరికోత యంత్రములు వచ్చిన తరువాత మరిపెడ మండలములో గడ్డివాము రూపమే మారిపోయినది. పూర్వము కొడవలితో కోసి, మోపులు కట్టి, కళ్ళమునకు చేర్చి, గింజ రాలగొట్టిన పిమ్మట పొడుగాటి గడ్డిని వాముగా వేసెడివారు. కోత యంత్రము ఆ గడ్డిని బారులు బారులుగా మడిలోనే విడిచి వెళ్ళును. దానిని ఏరి తెచ్చుకొనుటకు కూలీలు దొరకక, తరువాతి పైరుకు అదను దాటిపోవునను తొందరలో నిప్పుపెట్టువారు కలరు. ఆ మంటలో పోవునది పశువుల మేత. వేసవి చివర అదే గడ్డిని డబ్బుపెట్టి కొనవలసి వచ్చును. ట్రాక్టరు వెనుక తగిలించు బేలరు యంత్రము ఈ చిక్కును చాలవరకు తీర్చినది. అయితే బేలరు తన పని ముగించుకొని వెళ్ళిన తరువాత, మడిలో పడియున్న కట్టలను ఇంటికి చేర్చి వాము వేయు పని రైతుదే. ఇందుకు ఏ సాధనము కొనవలెను, ఏది కిరాయికి తెచ్చుకొనవలెను, ఏది అనవసరము అను విషయము ఇచట వివరింపబడినది.

మన ప్రాంతమున గుండ్రటి కట్టలు కట్టు బేలర్లు తిరుగుచున్నవి, పలక కట్టలు కట్టునవియు కలవు. గుండ్రటి కట్టను మడిలో దొర్లించుట సులువే. కాని వాములో కట్టకు కట్టకు నడుమ సందులు మిగులును. అంచున అడ్డు లేనిచో దొర్లి క్రిందపడును. పలక కట్ట ఇటుకవలె అమరును. ఎక్కువ యంత్రములలో దాని వెడల్పు సుమారు 46 సెంటీమీటర్లు, ఎత్తు 36 సెంటీమీటర్లు. పొడవును, బిగువును మార్చుకొనవచ్చును. 90 సెంటీమీటర్ల పొడవు పెట్టి మధ్యరకముగా బిగించినచో ఎండు వరిగడ్డి కట్ట 15 కిలోల ప్రాంతమున తూగును. కట్టకు ఇంత అని కిరాయి తీసుకొను చోట, కట్టల సంఖ్య తగ్గునను ఆశతో రైతు పొడవైన, బిగువైన కట్టలు కట్టుమని అడుగుట సహజము. ఇది మంచి బేరము కాదు. 25 కిలోల కట్టను తలపైకెత్తి వామునకు అందించుటకు బలమైన మనుష్యులు ఇద్దరు కావలెను. 15 కిలోల కట్టను ఒక్కరే అందింపగలరు. కనుక సాధనముల ఎంపిక అంగడిలో కాక మడిలోనే, బేలరు నడుపువానితో మాటలాడుటతో మొదలుకావలెను. మొదటి పది కట్టలను తూచి చూచి పిమ్మట పని సాగనిండు.

ఇక కొంచెము లెక్క వేయుదము. పచ్చిమేత, దాణా కొంత పెట్టుచు రెండు పాడి బర్రెలను మేపు ఇంటిలో రోజుకు ఇంచుమించు ఒక కట్ట ఖర్చగును. 300 కట్టలున్నచో పది నెలలు గడచును. 300 కట్టలనగా 4,500 కిలోలు, అనగా నాలుగున్నర టన్నులు. కట్టను మడిలో ఎత్తి ట్రాలీపై వేయుట ఒక ఎత్తు. ఇంటివద్ద దింపుట రెండవది. క్రిందనుండి వాముపైకి చేర్చుట మూడవది. మడిలోకి ట్రాలీ దిగదని కట్టలను గట్టుమీదికి మోసినచో నాలుగవది. ప్రతి ఎత్తునకు నాలుగున్నర టన్నుల బరువు మరల మనిషి నడుముపై పడుచున్నది. ఏ సాధనము మంచిదని అడిగినప్పుడు, అది ఎన్ని ఎత్తులు తప్పించునో చూడవలెను. పని వేగము తరువాతి మాట.

ఈ లెక్కన చూచినచో డబ్బు ఖర్చులేని సాధనము వాము వేయు చోటు. ట్రాలీ వెనుకకు నడచి వామును ఆనుకొని నిలబడగలిగినచో ట్రాలీ మీదినుండి నేరుగా వాములోకి కట్టలు సర్దవచ్చును. దింపి మరల ఎత్తు పని ఉండదు. ఇంటి వెనుక సందులో వాము వేసి, కట్టలను వీధిలో కుప్పపోసి, అక్కడినుండి ఒక్కొక్కటి మోసుకొనుట చాల ఇండ్లలో వాడుక. దానిని మానవలెను. చోటు మెరకగా నుండుట కూడ ముఖ్యము. 2024 సెప్టెంబరు మొదటి తేదీన ఆకేరు పొంగి సీతారాం తండాను ముంచెత్తిన సంగతి ఇచటి రైతులకు చెప్పనక్కరలేదు. వాగు అంచున వాము వేయరాదు.

కొనదగిన వస్తువులలో మొదటిది చేతి కొక్కెము. వ్రేలి లావు ఇనుపకడ్డీని వంచి, మొన సానపట్టి, కర్రపిడి వేసి ఊరి కమ్మరిచేతనే చేయించుకొనవచ్చును. మనిషికి ఒకటి ఉండవలెను. దారము పట్టుకొని ఎత్తినచో అరచేయి కోసుకొనును, దారము తెగి కట్ట విడిపోవును. కొక్కెమును కట్ట చివర గుచ్చి, రెండవ చేయి అడుగున పెట్టి, మోకాలి ఆసరాతో ఎత్తవలెను. ట్రాలీమీద ఒకరు, క్రింద ఒకరు పనిచేయునపుడు కొక్కెమును విసరి గుచ్చరాదు.

ట్రాలీ చాలమందికి ఉండనే ఉన్నది. దానికి ముందువైపు, వెనుకవైపు తలెత్తు నిలువు చట్రములు బిగించినచో ఒక విడతకు హెచ్చు కట్టలు పట్టును, త్రోవలో జారవు. వరుస మార్చి వరుస అడ్డముగా పేర్చి పైన మోకుతో బిగింపవలెను. కాని ఎత్తు పెంచునపుడు త్రోవలోని కరెంటు తీగలను మరువరాదు. వ్రేలాడు తీగకు గడ్డి తగిలి లోడంతయు దగ్ధమైన సంఘటనలు తెలుగునాట ప్రతి వేసవిలోను వినుచునేయున్నాము. లోడుపై మనుష్యులు కూర్చుండి ప్రయాణము చేయుట అంతకన్న అపాయము. తీగ క్రిందుగా వేరే దారి లేనిచో రెండు వరుసలు తగ్గించి మరియొక తిరుగుడు తిరుగుట మేలు.

వాము మనిషి తలను మించి పెరిగినప్పుడు పైకి చేర్చుటకు రెండు సులువులు కలవు. ఒకటి ఏటవాలు పలక. రెండు వెదురు బొంగులను లేక సరుగుడు దుంగలను పక్కపక్కన వాముపైకి ఆనించి, వాటిమీద కట్టను పైనున్న మనిషి మోకుతో లాగవచ్చును. రెండవది బావి గిలక. గట్టి గుంజ నాటి, దాని తలకు అడ్డకర్ర బిగించి గిలక వ్రేలాడదీసినచో క్రింద నిలబడిన మనిషి తన బరువుతోనే కట్టను పైకి లేపగలడు. 300 కట్టల ఇంటికి ఇంతకు మించిన యంత్రము అక్కరలేదని మా అభిప్రాయము.

ఎలివేటరు అను యంత్రము వేరు సంగతి. ఇది పొడవైన ఇనుప తొట్టెవలె నుండి, నడుమ మేకులుగల గొలుసు తిరుగుచు కట్టలను పైకి తీసుకొనిపోవును. చిన్న మోటారుతో గాని ఇంజనుతో గాని నడచును. పాడి సంఘమువారు లేక పదిమంది రైతులు కలిసి కొని, వంతులవారీగా వాడుకొనినచో గిట్టును. ఒక్క ఇంటికి ఏడాదిలో రెండు రోజుల పని కొరకు తుప్పు పట్టనిచ్చుట వ్యర్థము. బేరమాడునపుడు వేగమును చూచి మురిసిపోవలదు. పైన సర్దువాడు ఒకడే యైనచో యంత్రము ఎంత వేగముగా పంపినను పని అతని చేతివేగముతోనే నడచును. చూడవలసినవి మూడు: ఎత్తు మార్చుటకు వీలుండెనా, చక్రములపై ఇద్దరు నెట్టగలరా, గొలుసునకు, పట్టాకు మూతలు కలవా. మూత లేని గొలుసులో చీరకొంగు, తువ్వాలు చిక్కుకొనిన క్షణములో ప్రాణాపాయము. ఆపు మీట క్రింద నిలబడినవాని చేతికందునంత దగ్గరలో ఉండవలెను.

ట్రాక్టరు ముందు బిగించు లోడరు, దాని కొసకు పలు కట్టలను ఒక్కమారు పట్టు కొక్కెముల చట్రము, గడ్డి వ్యాపారము చేయువారికి, వేల కట్టలు లారీలకెత్తువారికి తగినవి. మడి గట్లమధ్య చిన్న కమతములలో వాటికి తిరుగుటకే చోటు చాలదు. ముందు బరువునకు సరిపడ వెనుక బరువు కట్టనిచో ట్రాక్టరు తూలును. అమెరికాలో 1940 ప్రాంతమున దారముతో తానే ముడివేయు బేలరు అంగడికి వచ్చిన పిమ్మట, కట్టలను తానే ఏరి, పేర్చి, వామువద్ద నిలబెట్టు బండ్లు కూడ అచట తయారైనవి. చూచుటకు వింతయే గాని, అవి మైళ్ళ కొలది చదునైన పొలములకు పుట్టినవి.

ఇక వాము కట్టుట. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు స్థలములో వరుసకు 43 కట్టల చొప్పున ఏడు వరుసలకు 300 కట్టలు సరిపోవును. ఎత్తు రెండున్నర మీటర్లు. నేలపై రాళ్ళు, దుంగలు పరచి, అడుగు వరుసను సన్నపు ప్రక్క నేలకు తగులునట్లు నిలబెట్టవలెను. అట్లు చేసినచో దారము నేల చెమ్మకు తగలదు. పై వరుసలను గోడకు ఇటుకలు పేర్చినట్లు అతుకుమీద అతుకు రాకుండ పేర్చవలెను. పైన టార్పాలిను కప్పి, గాలిదుమారమునకు లేవకుండ రాళ్ళు వ్రేలాడదీయవలెను.

యాసంగి కోతలవేళ అకాలవర్షము కురిసినప్పుడే అసలు పరీక్ష. తడిగడ్డిని కట్టి వాము వేసినచో లోపల వేడి పుట్టి బూజు పట్టును. వేడి మితిమీరినచో తానే అంటుకొనవచ్చును. తేమ 15 శాతమునకు మించకుండ ఎండిన తరువాతనే కట్టింపుడు. గడ్డిపోచను మెలిపెట్టినప్పుడు పెళుసుగా విరుగవలెను. అనుమానమున్నచో మొదటి రెండు వారములు ఇనుపకడ్డీని వాము నడుమకు గుచ్చి, కొంతసేపుంచి తీసి చూడుడు. చేయి పెట్టలేనంత వేడిగానున్నచో వెంటనే వాము విప్పి కట్టలను ఆరబెట్టవలెను. బూజు గడ్డి మేపిన బర్రెలకు చెవులు, తోక, గిట్టలు కుళ్ళిపోవు డెగ్నాలా వ్యాధి వచ్చుట కలదు. అట్టి గడ్డిని పరుపుకో పెంటకుప్పకో వాడవలెనే గాని మేతకు పెట్టరాదు.

కట్టలు తీయునపుడు ఒక కొసనుండి మెట్లు మెట్లుగా పైనుండి తీయవలెను. నడుమనుండి లాగినచో పైవి మీద కూలును. పలక కట్టకు రెండు దారములుండును. ప్లాస్టిక్ దారము పశువు కడుపులో పడినచో అరగదు, పేగులకు చుట్టుకొనును. కట్ట విప్పిన వెంటనే రెండు దారములును చేతికి వచ్చినవో లేవో లెక్కచూచి, కొట్టములో మేకునకు తగిలించి, తరువాతనే గడ్డి వేయవలెను.