వార్తల్లో పదం: ఈ-ఆఫీస్

కలెక్టర్ల సమీక్షల వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితపు ఫైలుకు బదులు కంప్యూటర్‌లోనే ఫైలు నడిపే వ్యవస్థ. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) తయారుచేసింది.

వచ్చిన తపాలును స్కాన్ చేసి నంబరు వేస్తారు. సెక్షన్‌లో దానిమీద నోట్ రాసి పైకి పంపుతారు. సూపరింటెండెంట్ తన అభిప్రాయం జోడిస్తారు, అధికారి నిర్ణయం రాస్తారు. ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గరకు వెళ్లిందో, అక్కడ ఎన్నాళ్లుందో తెరమీద తెలిసిపోతుంది. ‘పైకి పంపేశామండీ’ అని తప్పించుకోవడం కష్టం.

అంతగా చర్చకు రానిది, నిజానికి ఎక్కువ విలువైనది ఇందులోని నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ విభాగం. జీవోలు, సర్క్యులర్లు, మార్గదర్శకాలు అందులో దాచుకోవచ్చు. ఇలాంటి కేసులో ఇంతకుముందు ఏం చేశారన్నది ఒక్క సీనియర్ అసిస్టెంటుకే గుర్తుంటే, ఆయన బదిలీతో అదీ వెళ్లిపోతుంది. వెతికితే దొరికేలా ఉంటే కొత్తగా చేరినవాళ్లూ చదివి నేర్చుకుంటారు. కాకపోతే విషయం గడిలో ‘వినతిపత్రం’ అని ముక్తసరిగా రాసి వదిలేస్తే ఎంత వెతికినా దొరకదు!

ఇది కార్యాలయ సిబ్బంది వాడుకునేది, ప్రజలకు లాగిన్ ఉండదు. అర్జీ ఇచ్చినవారు నంబరు అడిగి రాసుకుంటే, అది ఏ సీటులో ఆగిందో సిబ్బంది చూసి చెప్పగలరు.