తెరకు కావలసిన నేల

చలనచిత్రంలో మనం చూసే కోట, కొండ, నదీతీరం కెమెరాకు చిక్కకముందే కొందరి కాళ్లకు పరిచయమై ఉంటాయి. కథ సిద్ధమైన తరువాత దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, నిర్మాణ నిర్వాహకుడు కలసి బయలుదేరి సన్నివేశాలకు తగిన తావులను వెదకుతారు. చిత్రపరిశ్రమలో దీనిని ‘లొకేషన్ చూడడం’ అంటారు.

పూర్వం ఈ అవసరం తక్కువ. విజయనగర కాలపు ఇతివృత్తంతో 1951లో ‘మల్లీశ్వరి’ని రూపొందించిన బి.ఎన్.రెడ్డి కడప జిల్లావారు. ఆ కాలపు కోటలు ఆయన సొంత జిల్లాలోనే ఉన్నాయి. అయినా ఆ చిత్రంలో అధికభాగం మద్రాసులోని వాహినీ స్టూడియోలో వేసిన సెట్ల మీదనే తయారైంది. బరువైన కెమెరాలను, దీపాలను, శబ్దగ్రహణ యంత్రాలను కొండదారుల్లో మోసుకుపోవడం ఆనాడు తలకు మించిన పని. పరికరాలు తేలికపడి, రహదారులు మెరుగుపడిన తరువాత చిత్రకారుల చూపు రాయలసీమ వైపు మళ్లింది.

సీమకు శాపమనుకునే అనావృష్టియే ఇక్కడ చిత్రీకరణకు అనుకూలమైంది. పూర్వపు కర్నూలు జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వర్షం సుమారు 670 మిల్లీమీటర్లు మాత్రమే. కాబట్టి మబ్బు పట్టి పని ఆగిపోయే రోజులు తక్కువ. (ఈ మాట రైతు ఎదుట అనదగినది కాదు.) అయితే ఎండ ఉంటే చాలదు, అది ఏ వేళ ఏ దిక్కునుండి పడుతుందో తెలియాలి. ఎర్రమల కొండలను పెన్నానది కోసుకొనిపోయిన గండికోట లోయలో, పొద్దు బాగా ఎక్కితేగాని అడుగుకు వెలుగు దిగదు. మిట్టమధ్యాహ్నం రాళ్ల మీది ఎరుపు పాలిపోతుంది. అందువల్ల ఒకే తావును ఉదయం ఒకసారి, సాయంత్రం మరొకసారి చూడవలసి ఉంటుంది. నదిలో నీరు ఏ నెలలో ఎంత ఉంటుందో స్థానికులనడిగి తెలుసుకోవాలి. చారిత్రక కథయితే విద్యుత్ స్తంభం, సెల్‌ఫోన్ టవరు కంటబడని కోణం వెదకుకోవాలి. ఇంతకంటె మామూలు ప్రశ్నలూ ఉన్నాయి: జనరేటర్ వాహనం ఎంతవరకు పోగలదు? వందమందికి తాగునీరు ఎక్కడిది?

అనుమతి మరొక మెట్టు. గండికోట, కర్నూలు కొండారెడ్డి బురుజు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలు. 1959 నాటి నిబంధనల ప్రకారం ఆ శాఖ లైసెన్సు లేనిదే అక్కడ చలనచిత్రం తీయరాదు. శతాబ్దాల నాటి గోడకు మేకు కొట్టినా, రంగు పూసినా ఆ నష్టం పూడ్చరానిది. 2023లో ‘భారతీయుడు 2’ చిత్రీకరణ గండికోటలో జరిగినప్పుడు పత్రికలు నటుల గురించే ఎక్కువగా వ్రాశాయి. ఆ కోటలోని మాధవరాయ ఆలయాన్ని, జామియా మసీదును, ధాన్యాగారాన్ని చూడగోరేవారికి మాత్రం కోటయే కథానాయకుడు.

తెరకెక్కిన తావుకు తన పేరు నిలుస్తుందా అన్నది వేరొక ప్రశ్న. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ చిత్రంలో దర్శకుడు గుణశేఖర్ చార్మినారును సెట్‌గా వేయించారు. రద్దీగా ఉండే పాతబస్తీలో రోజుల తరబడి చిత్రీకరణ సాధ్యం కాదు గదా! కొండారెడ్డి బురుజు మాత్రం ఆ కథలో తన ఊళ్లో, తన పేరుతోనే నిలిచింది. అంతవరకు కర్నూలు చూడనివారు సైతం ఆ బురుజును గుర్తుపట్టసాగారు.

బనగానపల్లె నవాబు బంగళాకు ఆ అదృష్టం దక్కలేదు. 2009 నాటి ‘అరుంధతి’లో అది గద్వాల సంస్థానపు భవనంగా కనిపిస్తుంది. తుంగభద్రకు ఆవలనున్న గద్వాలకు తన కోట తనకుంది. బనగానపల్లె 1948 వరకు నవాబులేలిన సంస్థానం. ఈనాడు వచ్చే సందర్శకులలో చాలామంది నవాబుల ఊసెత్తరు, ‘అరుంధతి బంగళా ఎక్కడ?’ అనే అడుగుతారు. నామరూపాల్లో రూపం మిగిలి, నామం మారింది.

ఓర్వకల్లు రాతి గుట్టల విషయం అట్లా కాదు. 2013 జులైలో ‘బాహుబలి’ చిత్రీకరణ అక్కడే ప్రారంభమైంది. మాహిష్మతి కల్పిత రాజ్యం కనుక, ఆ రాళ్లకు ఆ పేరు తగిలించినందువల్ల ఎవరికీ లోటు లేదు.

లోటు కలిగించినవి ముఠాకక్షల చిత్రాలు. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం సాధించిన తరువాత అటువంటి కథలు వరుసగా వచ్చాయి. కక్షలు ఇక్కడ లేవని ఎవరూ అనలేరు, వాటివల్ల కుటుంబాలు నాశనమైన మాట నిజం. కాని ఆ చిత్రాల కోసం తావులు వెదకినవారికి ఎండిన గుట్ట, ఎత్తయిన ప్రహరీ, దుమ్ము లేచే బాట మాత్రమే కావలసివచ్చాయి. చదువుకోసం దూరప్రాంతానికి వెళ్లిన సీమ విద్యార్థిని తోటివారు మొదట అడిగేది బాంబుల గురించే. కర్నూలు నుండి బనగానపల్లె వైపు పోతే నల్లరేగడిలో శనగచేలు, నాపరాతి గనులు, పాలిష్ యంత్రాల చప్పుడు, ఊరి పేరును దేశమంతటా చాటిన మామిడితోటలు ఎదురవుతాయి. తావులు వెదకేవారి వాహనాలు సాగేదీ ఈ దారినే.