అంతర్జాతీయ పాఠశాలలలో చిన్నపిల్లల చదువు



నేడు మన పట్టణములలోను, పెద్ద ఊళ్ల పొలిమేరలలోను ‘అంతర్జాతీయ పాఠశాల’ యను పలకలు విరివిగా కానవచ్చుచున్నవి. తెల్లవాఱుసరికి పసుపుపచ్చని బస్సు ఊరిలోనికి వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోవుచున్నది. కొడుకును కోడలును బిడ్డను ఆ బడిలోనే చేర్పింపగోరుదురు. ఫీజు చెల్లించుటకు అప్పు చేయవలెనా, అర యెకరము అమ్మవలెనా యను ప్రశ్న ఇంటిపెద్ద ముందునకు వచ్చును. పలకను చూచి ఔననుటయు తగదు, కాదనుటయు తగదు. ఆ బడులలో చిన్న తరగతులవారికి ఏమి నేర్పుదురు, ఎట్లు నేర్పుదురు, అందు మన ఊరి బడికి పనికివచ్చునది ఏమి కలదు అను మూడు సంగతులను నేడు మీకు విన్నవించుకొందును.

మొట్టమొదట ఇట్టి బడులు ఎందులకు పుట్టినవో తెలిసికొనవలెను. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాసంగ్రామము ముగిసిన పిదప స్విట్జర్లాండు దేశములోని జెనీవా నగరమున నానాజాతి సమితి నెలకొనెను. సమితిలోను, అంతర్జాతీయ కార్మిక కార్యాలయములోను పనిచేయుటకు పలుదేశముల ఉద్యోగులు కుటుంబములతో అచ్చటికి వచ్చిరి. వారి బిడ్డలు ఏ భాషలో చదువవలెను? ఏ దేశపు పాఠములు నేర్వవలెను? తండ్రికి మఱొక దేశమునకు బదిలీయైనచో అంతవఱకు చదివిన చదువు అచ్చట చెల్లుట యెట్లు? ఈ చిక్కును తీర్చుటకై 1924లో జెనీవాలో అంతర్జాతీయ పాఠశాల స్థాపింపబడెను. ఆ యేటనే జపానులోని యోకొహామాలోను అట్టి పాఠశాల యొకటి వెలసెను. అనగా ఈ బడులు ధనికుల వేడుక కొఱకు పుట్టినవి కావు. ఊరు విడిచి తిరుగుచుండు కుటుంబముల అవసరము కొఱకు పుట్టినవి.

జెనీవా పాఠశాలను చిరకాలము నడపిన మేరీ తెరేజ్ మోరెత్ అను విదుషి 1948లో యునెస్కో సంస్థ కొఱకు ఒక చిన్న గ్రంథము వ్రాసెను. శాంతిని పెంపొందించు బోధనాపద్ధతులు కలవా యనునది అందలి విచారము. భూగోళశాస్త్రమును స్వదేశముతో మొదలిడక భూమండల మంతటితో మొదలిడవలెనని ఆమె మతము. తన దేశమే లోకమునకు నడిమి బొడ్డు అని పసితనమున నేర్చినవాడు పెద్దవాడైన పిదప పొరుగువానిని సరిగా చూడలేడని ఆ పద్ధతిలోని భావము.

అటుపిమ్మట 1968లో జెనీవాలోనే ఇంటర్నేషనల్ బాకలారియెట్ అను సంస్థ ఏర్పడెను. దానిని ముద్దుగా ‘ఐ.బి.’ యందురు. అది మొదట పెద్ద తరగతుల పరీక్షలను మాత్రమే చూచుచుండెను. 1997లో మూడేండ్లు మొదలు పండ్రెండేండ్లవఱకు గల పిల్లలకై ప్రాథమిక విద్యాక్రమమును ఏర్పఱచెను. కేంబ్రిడ్జివారి ప్రాథమిక పాఠ్యక్రమమును మఱొకటి కలదు. కాని నేటి ప్రసంగమునకు ఐ.బి. క్రమమునే తీసికొందును.

ఈ క్రమములోను భాష, గణితము, సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము, కళలు, దేహారోగ్య సత్ప్రవర్తనలు అను ఆరు విషయములు కలవు. అయితే అవి వేఱువేఱు గదులలో ఉంచిన ధాన్యమువలె ఉండక, ఆరు పెద్ద విచారములచుట్టు అల్లుకొని యుండును. మనమెవరము, ఏ చోట, ఏ కాలమున ఉన్నాము, మన భావములను ఎట్లు తెలుపుకొందుము, లోకము ఎట్లు నడచును, మన పనులను ఎట్లు కట్టుబాటు చేసికొందుము, భూమిని ఇతరులతోను ఇతర ప్రాణులతోను ఎట్లు పంచుకొందుము. ఇవియే ఆ ఆరు. ఏటేట వీనిలో ఒక్కొక్కదానిని చేపట్టి కొన్ని వారములపాటు పరిశోధింతురు. ఈ ఏడు తన వీధినిగూర్చి అడిగిన బాలుడు పై యేడు అదే విచారమును ఇంకను లోతుగా అడుగును.

ఇది చెప్పినంతమాత్రమున బోధపడదు గనుక మన చెరువునే ఉదాహరణముగా తీసికొందము. ‘మన పనులను ఎట్లు కట్టుబాటు చేసికొందుము’ అను విచారమునకు చెరువునీటి పంపకము చక్కని పాఠము. పిల్లలు చెరువుగట్టునకు పోయి తూమును, అలుగును, కాలువలను చూతురు. నీరుకట్టువానిని కలిసికొని ఎవరి పొలమునకు ముందు నీరు పాఱును, ఎందులకు అని యడుగుదురు. గట్టు పొడవును అడుగులతో కొలిచి లెక్క కట్టుదురు, అది గణితము. నీరు పల్లమునకే ఏల పోవునని పరీక్షింతురు; అది శాస్త్రము. వెనుకటి కఱవును చూచిన ముదుసలి మాటలను విని వ్రాసికొందురు. అది భాషయు చరిత్రయు. పటము గీయుదురు, అది కళ. కడపటి ఆయకట్టు రైతునకు నీరు చేరనిచో న్యాయమా యని వాదించుకొందురు; అది నీతి.

ఏ సంగతినైనను ఏడు విధములుగా ప్రశ్నింపవలెనని ఉపాధ్యాయులకు నియమము కలదు. అది ఎట్టిది? ఎట్లు పనిచేయును? ఎందువలన అట్లున్నది? ఎట్లు మాఱుచున్నది? ఇతరములతో దానికి సంబంధమేమి? దానిని ఒక్కొక్కరు ఎట్లు చూతురు? మన బాధ్యత యేమి? వీనిలో మొదటి రెండింటితోనే మన బడులలో పాఠము ముగియుచుండుట కద్దు. తక్కిన ఐదింటియందే ఆలోచన పుట్టును.

ప్రాథమిక దశలో ఈ సంస్థ పైనుండి పరీక్షాపత్రములను పంపదు. ఉపాధ్యాయుడే పిల్లవాని పనిని ఏడాది పొడవున గమనించి, వ్రాతలను భద్రపఱచి, తల్లిదండ్రులకు చూపును. కడపటి యేట పిల్లలు తామే ఒక సమస్యను ఎన్నుకొని, కలిసి పరిశోధించి, పెద్దల యెదుట ప్రదర్శింతురు. భాషావిషయమున, పిల్లవానికి ఏడేండ్లు వచ్చుసరికి ఒకటికంటె ఎక్కువ భాషలు నేర్చుకొను అవకాశ ముండవలెననియు, ఇంటి భాషను పోషింపవలెననియు నియమము కలదు. పెద్దలు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. తెలుగును మఱపించుట అంతర్జాతీయ విద్య యని ఎవరైన చెప్పినచో, ఆ మాటకు ఆ విద్య ఒప్పుకొనదు.

ఈ పద్ధతి బొత్తిగా క్రొత్తది కాదు. 1896లో అమెరికాలోని చికాగోలో జాన్ డ్యూయీ ఒక ప్రయోగపాఠశాల నెలకొల్పి వంట, నేత, వడ్రంగము మొదలగు పనుల ద్వారా చదువు చెప్పించెను. 1937లో గాంధీమహాత్ముడు వార్ధాలో విద్యాసభ జరిపి, ఏడేండ్ల ఉచిత నిర్బంధవిద్య మాతృభాషలో, ఒక చేతివృత్తిచుట్టు సాగవలెనని ప్రతిపాదించెను. రాట్నము నడుమ నుంచుకొని లెక్కలను, భూగోళమును, చరిత్రను చెప్పుటకును, చెరువును నడుమ నుంచుకొని చెప్పుటకును పోలిక గలదు గదా! భేద మేమనగా, వార్ధా విద్య పల్లెబిడ్డ కొఱకు తలపెట్టినది, ఐ.బి. విద్య మన దేశములో నేటికిని ఎక్కువగా పట్టణములలోని ధనవంతుల బిడ్డలకే అందుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జనవరిలో ప్రభుత్వ పాఠశాలలలో దీనిని ప్రవేశపెట్టుటకు ఆ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. ఆ యేట ప్రభుత్వము మాఱిన పిదప ఆ ప్రయత్నము ముందునకు సాగలేదు.

లోపములను గూడ చెప్పుట నా విధి. ఈ పద్ధతికి చక్కని తరిఫీదు గల ఉపాధ్యాయులు కావలెను. తరగతిలో పిల్లలు తక్కువగా నుండవలెను. అట్టి యుపాధ్యాయుడు లేనిచోట పరిశోధన ఆటగా మాఱిపోవును. ఎక్కములు నోటికి రాక, చదువు తడబడుచుండగా రంగుకాగితములు గోడలకు అంటించినంత మాత్రమున జ్ఞానము రాదు. ఒక బడిలో నేను చూచిన ముప్పది నోటుపుస్తకములలోను ఒకే వాక్యము, ఒకే తీరున వ్రాసియుండెను. ప్రశ్న యెవరిదని యడుగగా పిల్లలు పంతులమ్మవైపు చూచిరి. అచ్చట పేరు క్రొత్తది, చదువు పాతదే.

కావున బిడ్డను చేర్పింపబోవు ముందు పెద్దలు ఈ సంగతులను అడుగుడు. ‘అంతర్జాతీయ’ అని పలకపై వ్రాసికొన్నంత మాత్రమున ఏ సంస్థయు బాధ్యత వహింపదు గనుక, ఏ సంస్థ ఆమోదము కలదు, అది ప్రాథమిక తరగతులకు చెల్లునా యని అడుగుడు. నాలుగు నోటుపుస్తకములు తెప్పించి, పిల్లల మాటలు వేఱువేఱుగా ఉన్నవో లేవో చూడుడు. వారమునకు తెలుగు ఎన్ని గంటలు చెప్పుదురో విచారింపుడు. ఉపాధ్యాయులు ఏటేట మాఱుచున్నారేమో తెలిసికొనుడు. చివరగా, మొదటి యేటి ఫీజును గాక బడి ముగియువఱకు అగు వ్యయమును లెక్కకట్టుడు. నడుమ మాన్పింపవలసి వచ్చినచో బిడ్డ ఏ బడిలో కుదురుకొనగలడో ముందే ఆలోచింపుడు. నేలను అమ్మి ఐదేండ్లు చదివించి, ఆఱవ యేట చేతులెత్తుటకంటె ఈ లెక్క మేలు.

చేర్పింపలేనివారు చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. ఆ విద్యలోని సారమునకు ఫీజు లేదు. మన ఊరి బడి పంతులుగారు పిల్లలను చెరువునకు తీసికొనిపోదునన్నచో మీరు వెంట నడువుడు. కుమ్మరి సారెను, కమ్మరి కొలిమిని, పాలకేంద్రములో వెన్న కొలుచు తీరును పిల్లలకు చూపింపుడు. మీరు చూచిన తుపానును, కఱవును వారికి చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మనుమడు ‘ఎందుకు, తాతా?’ అని యడిగినపుడు కసరకుడు. తెలిసినచో చెప్పుడు, తెలియనిచో ‘రా, తెలిసికొందము’ అని వాని చేయి పట్టుకొనుడు. జెనీవాలో లక్షలు చెల్లించి నేర్పించు మొదటి పాఠ మదియే.