బంగారు గనిలో కృష్ణ పదార్థం వేట

అమెరికాలోని సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ అనే పాత బంగారు గని ఉంది. తవ్వకాలు ఆగిపోయిన ఆ గనిలో, దాదాపు కిలోమీటరున్నర లోతున, ఇప్పుడు కృష్ణ పదార్థం కోసం వెతుకుతున్నారు.

ఈ అన్వేషణకు గట్టి కారణమే ఉంది. ఆండ్రోమెడా గెలాక్సీ వెలుపలి భాగాలు అనుకున్నదానికన్నా వేగంగా తిరుగుతున్నాయని 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ చూపించారు. కంటికి కనిపించే పదార్థానికి అంత వేగానికి సరిపడా గురుత్వాకర్షణ లేదు. విశ్వంలోని పదార్థంలో దాదాపు 85 శాతం ఇలా కనిపించని కృష్ణ పదార్థమేనని అంచనా. కణాల గురించి మనకు తెలిసిన సిద్ధాంతంలో దానికి చోటే లేదు!

గనిలోని ఎల్‌జడ్ అనే పరికరంలో 10 టన్నుల ద్రవ జెనాన్ ఉంది. కృష్ణ పదార్థ కణం జెనాన్ కేంద్రకాన్ని తాకితే సన్నని వెలుగు మెరవాలి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల గోలను పైనున్న రాతిపొరలు చాలావరకు ఆపేస్తాయి.

2024లో వెల్లడించిన 280 రోజుల సమాచారంలో ఆ మెరుపు దొరకలేదు. దీన్ని ఓటమి అనడం తప్పు. వెతకాల్సిన చోటు బాగా తగ్గింది.