పండుగలు, ప్రయాణములు, పెద్దల జ్ఞాపకములు

మా యింటి నడవలో ఒక పాత ఛాయాపటము వ్రేలాడుచున్నది. 1967వ సంవత్సరపు గోదావరి పుష్కరములకు మా కుటుంబమువారు పోయినప్పుడు రాజమహేంద్రవరములో ఒక ఫోటోగ్రాఫరుచే తీయించినది. అందు ఏడుగురు గలరు. ఆఱుగురి పేర్లు మే మెఱుగుదుము. ముందువరుసలో కొయ్యగుఱ్ఱమును చంకలో ఇఱికించుకొని, కెమెరా వంక గాక ప్రక్కకు చూచుచున్న నాలుగైదేండ్ల పిల్లవా డెవ్వడో మాకు తెలియదు. తెలిసిన మనుష్యురాలు మా మేనత్తగారు. ఆమె ఆ పటము క్రింద కూర్చుండి ఆ ప్రయాణపు ముచ్చటను మా చిన్ననాట ఎన్ని మాఱులు చెప్పెనో లెక్క లేదు. "మరల అదే కథయా అత్తయ్యా!" యని మేము ఆటలకు లేచిపోవుచుంటిమి. అందువలన మాకు కలిగిన నష్టమును ఈ వ్యాసము చివర చెప్పెదము. ముందుగా, పెద్దలకు పాతముచ్చట లేల అంత స్పష్టముగ నుండును, అందును పండుగలును ప్రయాణములును ఏల నిలుచును అను విషయమును విచారింతము.

వార్ధక్యమున మనుష్యుడు ఉదయమున మందు వేసికొంటినా లేదా యని సందేహించును గాని, అఱువదేండ్ల నాటి పెండ్లిలో వడ్డించిన పిండివంటలను వరుసగా చెప్పగలడు. దీనిని చూచి పిల్లలు నవ్వుదురు. కొందఱు పెద్దవారు సైతము చాదస్తమని త్రోసివేయుదురు. కాని ఇది ఒక్క మన యిండ్ల విషయము కాదు. ఇంగ్లండు దేశీయుడగు ఫ్రాన్సిస్ గాల్టన్ అను పండితుడు 1879లో తనమీద తానే ఒక పరీక్ష చేసికొనెను. 75 మాటలను కాగితములపై వ్రాసికొని, ఒక్కొక్క మాటను చూడగానే తన మనస్సున ఏమి స్ఫురించునో, అది తన జీవితమున ఏ కాలమునకు చెందినదో గుఱుతు వేసికొనెను. అప్పటికి అతనికి ఏబదేండ్లు దాటినవి. అయినను స్ఫురించిన వానిలో బాల్యయౌవనములకు చెందినవి విస్తారము. ఇటీవలి సంగతులు స్వల్పము. నూఱేండ్ల తరువాత, 1986లో, డేవిడ్ రూబిన్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు అనేకుల జ్ఞాపకములను పోల్చిచూచి, వయసు మళ్ళినవారికి పది మొదలు ముప్పది యేండ్ల వఱకు గల కాలపు జ్ఞాపకములే, ఇటీవలివి తప్ప, తక్కిన కాలముల వానికంటె మిక్కుటముగ వచ్చునని నిరూపించిరి.

కారణ మేమి? ఆ యిరువది యేండ్లలో మనుష్యునకు సమస్తమును మొదటిసారి జరుగును. మొదటిసారి ఊరు విడుచుట, మొదటి ఉద్యోగము, వివాహము, తొలిచూలు బిడ్డ. క్రొత్తదానిని మనస్సు శ్రద్ధతో గ్రహించును. గ్రహించినదానిని పదిమందికి పదిసారులు చెప్పును. చెప్పినకొలది అది గట్టిపడును. అమెరికాకు నడివయసున వలస పోయిన స్పానిషు భాషీయులను ఇరువురు శాస్త్రజ్ఞులు పరిశీలించి 1998లో ఒక చిత్రమైన విషయమును ప్రకటించిరి. వారికి జ్ఞాపకములు దట్టముగ నుండు కాలము యౌవనము కాక, వలసపోయిన కాలమునకు జరిగియుండెను. కాబట్టి ఇది వయసు మహిమ మాత్రమే కాదు, జీవితము మలుపు తిరుగుటయు ఇందు కారణమే. మన గ్రామములనుండి బిడ్డలవెంట పరదేశములకు పోయిన తల్లిదండ్రులు తొలిసారి విమానమెక్కిన దినమును ఎంత వివరముగ చెప్పుదురో చదువరులలో పలువురు విని యుందురు.

ఇక పండుగల సంగతి. ఏటేట వచ్చునవి గావున పండుగలు బాగుగ జ్ఞాపకముండునని తలంతుము. నిజమునకు, ఏటేట వచ్చుటచేతనే అవి యొకదానిలో నొకటి కలిసిపోవును. మీ తాతగారిని సంక్రాంతిని గూర్చి అడుగుడు. భోగిమంటలు, గొబ్బెమ్మలు, హరిదాసు, క్రొత్తబట్టలు, అన్నియు చెప్పును. అది ఏ సంవత్సరపు సంక్రాంతి యని అడిగినచో తెల్లబోవును. ఏలయన అది ముప్పది నలువది సంక్రాంతులు కలిసిన యొక్క సంక్రాంతి. క్రిస్మసునాటి నక్షత్రదీపమును, రంజాను నాటి సేమ్యా పాయసమును ఇట్టివే. విడిగా నిలిచియుండునది ఏదియో తప్పిపోయిన పండుగ. అరిసెల పాకము ముదిరి రాయివలె బిగిసిన యేడు, భోగినాడు వాన కురిసి మంట అంటుకొనని యేడు, అల్లుడు అలిగి అర్ధరాత్రి బండి కట్టించుకొని పోయిన యేడు. ఆనాడు కన్నీళ్ళు తెప్పించినదే నేడు ఇంటిల్లిపాదిని నవ్వించుచుండును. కావున పండుగ చక్కగ జరుగలేదని గృహిణులు అంతగా చింతింప పనిలేదేమో!

ప్రయాణ మట్లు కాదు. అది తఱచుగ ఒక్కమాఱే జరుగును గనుక వేఱొకదానితో కలియదు. అందును పుష్కరయాత్ర మన ప్రాంతములవారి కొక విశేషము. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికిని, కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకును పుష్కరములు వచ్చును. ఆ గ్రహము సూర్యుని చుట్టివచ్చుటకు కొంచె మించుమించుగ 12 సంవత్సరములు పట్టును. కావున గోదావరికి 1967, 1979, 1991, 2003, 2015 సంవత్సరములలో పుష్కరములు జరిగినవి. క్యాలెండరు చూచుట యెఱుగని ముసలమ్మకు సైతము ఇది చక్కని కొలబద్ద. "నీవు పుట్టినది మొన్నటి పుష్కరమునకు ముందటి పుష్కరము వెళ్ళిన యేడు" అని ఆమె చెప్పిన లెక్క తప్పుట అరుదు. ఒక్కొక్క సీమకు ఒక్కొక్క కొలబద్ద. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములను గొనిపోయెను. ఆ సీమ పెద్దలు తమ యింటి శుభకార్యములను ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తరువాత అని చెప్పుటలో వింత యేమున్నది?

జ్ఞాపకమును మేలుకొల్పుటలో వాసనకు గల శక్తిని గూర్చి యొక మాట. చూపు, వినికిడి మున్నగు నింద్రియముల వార్తలు మెదడునందు థాలమస్ అను కూడలిని దాటి పోవును. వాసన యొక్క వార్త ముందుగా ఆ కూడలికి పోకయే, జ్ఞాపకమునకును సుఖదుఃఖములకును సంబంధించిన భాగములను చేరును. నువ్వులు వేగు వాసన, బొగ్గుపొగ వాసన, పెట్టెలో కర్పూరపుండల నడుమ దాచిన పట్టుచీర వాసన మనుష్యుని హఠాత్తుగ ఏడెనిమిదేండ్ల బాలునిగ చేయుట కిదియే హేతువని చెప్పుదురు.

అయితే జ్ఞాపకము పెట్టెలో దాచిన చీరవంటిది కాదు. తీసి మడచినప్పుడెల్ల దాని రంగు కొంత మాఱును. కేంబ్రిడ్జిలోని ఆచార్యుడు బార్ట్‌లెట్ 1932లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును చూపెను. అమెరికా ఆదిమజాతివారి కథ నొకదానిని ఆంగ్లేయులచే చదివించి, కొంతకాలమునకు మరల చెప్పుడనెను. వారికి వింతగ తోచిన భాగములు జారిపోయెను. తక్కినవి వారి యలవాట్లకు సరిపడునట్లు మాఱిపోయెను. మా యింటను ఇట్లే జరిగెను. పుష్కరయాత్రలో రైలునందు మఱచిపోయిన మూటలో పులిహోర యుండెనని మా తండ్రిగారును, కాదు, చలిమిడి యని మా మేనత్తగారును బ్రదికినన్నాళ్ళు వాదులాడుకొనిరి. ఇరువురును తమ కన్నులార చూచినవారే.

పెద్దలు గతమును తలపోయుట మతిభ్రమకు తొలిమెట్టని పూర్వము కొందఱు వైద్యులు సైతము తలచి, దానిని మాన్పింపజూచిరి. రాబర్ట్ బట్లర్ అను అమెరికా వైద్యుడు 1963లో దీనిని ఖండించెను. అవసానము సమీపించినట్లు తోచినప్పుడు మనుష్యుడు తన జీవితమును మొదటినుండి తిరుగవేసి చూచుకొనుట సహజమనియు, అది జమాఖర్చులు సరిచూచుకొనుట వంటిదనియు ఆయన యభిప్రాయము. ఆ లెక్కలలో సంతోషమే యుండునని కాదు. తీరని పశ్చాత్తాపమును ఉండవచ్చును. పండుగను గూర్చి యడిగినప్పుడు, ఆ పండుగనాడు పంక్తిలో కూర్చుండి మఱుసటి యేడు లేకపోయిన వారి సంగతియు వచ్చును. అడిగినవారు కంగారుపడి మాట మార్పింపరాదు. కొంతసే పూరకుండుటయే మర్యాద.

మతిమఱపు వ్యాధి వేఱు. దానిలో మిక్కిలి వ్యాప్తమైనదానిని జర్మను వైద్యుడు అలాయిస్ అల్జైమర్ 1906లో వివరించెను గనుక దాని కాయన పేరే వచ్చినది. కణతల లోపలివైపున హిప్పోకాంపస్ అను చిన్నభాగము గలదు. క్రొత్తసంగతులను పదిలపఱచుట విశేషముగ దాని పని. ఈ వ్యాధి మొదటనే ఆ ప్రాంతమును దెబ్బతీయును. అందుచే నిన్నటి మాట నిలువదు, ఏనాటిదో నిలిచియుండును. తరువాత అదియును సన్నగిల్లును. పాతపటములు, పాటలు, వస్తువులు చూపి ఇట్టివారిచే ముచ్చట చెప్పించు పద్ధతి అనేకదేశముల వృద్ధాశ్రమములలో గలదు. ఇది మందు కాదు. పరిశోధనలను కలిపిచూచిన వారు 2018లో, మేలు కొద్దిపాటిదే యనియు, అన్నిచోట్ల ఒక్కరీతిగ లేదనియు తేల్చిరి. కాని ఆ యొక్క గడియ ఆమె ముఖము వికసించుట కొద్దిపాటి మేలా యని ఇంటివారి నడుగవలెను.

విద్యార్థులు సెలవులలో ఇంటికి పోయినప్పుడు చేయదగిన పని యొకటి గలదు. "మీ చిన్ననాటి సంగతులు చెప్పుడు" అని యడిగిన యెడల పెద్దలు "ఏమున్నవి నాయనా" యందురు. దానికంటె, ఆనాడు వంట యెవరు చేసిరి, బండిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి, దారిలో ఏమి తింటిరి, అని చిన్నచిన్న ప్రశ్న లడుగుడు. ఇరువురు రెండువిధములుగ చెప్పినచో తగవు తీర్పక రెండును వ్రాసికొనుడు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో, గట్టిగ నొత్తక, పేర్లు వ్రాయుడు. సిరా కొన్నాళ్ళకు ముందువైపునకు దిగును. ఇప్పుడు చేతిఫోనులో ఒక్క పెండ్లికి వేయి ఫోటోలు తీయుచున్నాము గదా యందురేమో! 2014లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ప్రదర్శనశాలలోని వస్తువులను ఊరక చూచినవారికంటె ఫోటోలు తీసినవారికి ఆ వస్తువులు తక్కువగ జ్ఞాపకమున్నవి. యంత్రము చూచుచున్నదిగదా యని మనస్సు చూచుట మానుకొనునట్లున్నది.

మా సంగతికి వత్తుము. మా తండ్రిగారు గతించిన పిమ్మట ఆ పటములోని వారిని ఎఱిగినది మా మేనత్తగా రొక్కరే. పెన్సిలు తీసికొని మేము ఆమె చెంత కూర్చుండునప్పటికి ఆమెకు వ్యాధి ముదిరియుండెను. ఆ పిల్లవానిని చూపి యడుగగా, ఒకనాడు "సూరిగాడు" అనెను. మఱునాడు "మా చిన్నమ్మ కొడుకు" అనెను. మూడవనాడు "ఎవరి బిడ్డయో, పాపము" అని మమ్మే యడిగెను. మేము ప్రశ్నించుట మానివేసితిమి. ఏలయన ఉత్తరము దొరకనప్పు డామె కన్నులలో భయము కానవచ్చెను.

ఒకనాడు అంగడినుండి నిమ్మతొనల బిళ్ళలు తెచ్చి యామె చేతి కిచ్చితిమి. దానియందు ఉపాయ మేమియు లేదు. ఆమెకు పులుపు ఇష్టము. బిళ్ళను మూర్కొని, నోట వేసికొనక, కొంతసేపటికి ఆమె నవ్వెను. "వాడు చేయి తెఱవలేదురా" అనెను. ఎవ్వడని మే మడుగలేదు. తనంతట తానే చెప్పసాగెను. నిడదవోలులో రైలెక్కిరి. కొవ్వూరు దాటి బండి గోదావరి వంతెన మీదికి వచ్చెను. (1900లో తెఱచిన 56 అంకణముల పాతవంతెన అది. 1997 నుండి దానిమీద బండ్లు నడచుట లేదు.) పెట్టెలోని వారెల్లరు కిటికీలనుండి డబ్బులు నదిలోనికి విసరుచుండిరి. వానిచేతను ఒక అయిదు పైసల బిళ్ళ పెట్టి విసరుమనిరి. వాడు పిడికిలి బిగించి, వంతెన దాటువఱకు విప్పలేదు. తిట్టిరి, బుజ్జగించిరి. ఒడ్డు చేరినపిమ్మట ఆమె వానిని అంగడికి గొనిపోగా, ఆ అయిదు పైసలతో వాడు నిమ్మతొనలు కొని అందఱికిని పంచెను.

ఈ భాగమును మే మెన్నడును వినియుండలేదు. బహుశః బండి వంతెన మీదికి రాకముందే మేము ఆటలకు లేచిపోయెడివారము. ఆమె గతించి ఇప్పటికి రెండేండ్లు. పటమును దింపి, వెనుకవైపున ఆఱు పేర్లను వ్రాసి, ఏడవచోట ఇట్లు వ్రాసితిమి: "గోదావరిలో డబ్బు వేయని పిల్లవాడు. 1967."