తొమ్మిది సీట్ల విమానంలో మన సీటెక్కడ?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో ఒక చిన్న విమానాశ్రయం ఉంది. అది రాష్ట్ర ప్రభుత్వానిది. 2022 చివర్లో అక్కడి నుంచి భువనేశ్వర్‌కు, ఆ తర్వాత విశాఖపట్నానికి తొమ్మిది సీట్ల విమానాలు మొదలయ్యాయి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. ఇవాళ్టికీ పెద్ద జబ్బు చేస్తే ఇక్కడి జనం చాలామంది విశాఖ దారే పడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం కొరాపుట్ జిల్లాలో సగం మంది ఆదివాసులు, సుమారు 14 శాతం దళితులు. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు.

ఇలాంటి చోటికి విమానం రావడాన్ని మేం తప్పుపట్టడం లేదు. అది ఎవరి డబ్బుతో ఎగురుతోంది, ఎవరిని ఎక్కించుకుంటోంది అని అడుగుతున్నాం.

జయపురం లాంటి విమానాశ్రయాలకు ఆధారం 2016లో కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం. సామాన్యుడినీ విమానం ఎక్కిస్తామన్నది దాని నినాదం. విమానంలో కొన్ని సీట్లను, సాధారణంగా సగం సీట్లను, ప్రభుత్వం నిర్ణయించిన ధరకే అమ్మాలి. దానివల్ల కంపెనీకి వచ్చే లోటును ప్రభుత్వం మూడేళ్లపాటు భర్తీ చేస్తుంది. అందులో 80 శాతం కేంద్రం వాటా, 20 శాతం రాష్ట్రం వాటా. ఈశాన్య రాష్ట్రాలకు మాత్రం వాటా తక్కువ. కేంద్రం తన వాటా కోసం పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాలపై లెవీ వసూలు చేస్తుంది. రాష్ట్రం ఇవి కాక పోలీసు కాపలా, అగ్నిమాపక సేవలు ఉచితంగా ఇవ్వాలి.

మూడేళ్లు దాటాక కంపెనీ తన కాళ్ల మీద తాను నిలబడాలి. అక్కడే కథ అడ్డం తిరుగుతోంది. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం, కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే.

సీట్లు ఎందుకు నిండవో కూలి లెక్క చెబుతుంది. పథకం మొదట్లో గంట ప్రయాణానికి ప్రకటించిన ధర 2,500 రూపాయలు. 2024-25లో ఒడిశాలో ఉపాధి హామీ కూలి రోజుకు 254 రూపాయలు. అంటే ఒక మనిషి ఒకవైపు వెళ్లడానికే దాదాపు పది రోజుల కూలి పోవాలి. రోగితో తోడు వెళ్లేవాళ్ల టికెట్, తిరుగు ప్రయాణం ఇంకా లెక్కలోకి రాలేదు. మారుమూల ప్రాంతం పేరు చెప్పి తెచ్చిన సబ్సిడీ, ఆ ప్రాంతంలో ఇప్పటికే కాస్త స్థోమత ఉన్నవాళ్ల టికెట్‌కే చేరుతుంది.

వేరే పద్ధతి లేదా అంటే, ఉంది. అమెరికాలో 1978లో విమానయానాన్ని మార్కెట్‌కు వదిలేసినప్పుడే, చిన్న ఊళ్లకు సేవలు ఆగిపోకుండా సబ్సిడీ ఏర్పాటు కూడా చేశారు. అది ఇవాళ్టికీ ఉంది. అలాస్కాలో రోడ్డే లేని మూలవాసుల ఊళ్లు ఎన్నో. వాళ్ల ఉత్తరాలు, సరుకులు, రోగులు అన్నీ చిన్న విమానాల్లోనే వెళ్లాలి. అక్కడా లోపాలున్నాయి. కానీ మూడేళ్లలో లాభం రాకపోతే సేవ ఆపేయాలన్న గడువు దానికి లేదు. ఊరికి అవసరం ఉన్నంతకాలం సాయం అన్నది దాని ఆలోచన.

మరి మనం ఏం అడగాలి? అత్యవసర రోగికి, తోడు వెళ్లేవాళ్లకు సీటు ఉచితంగా ఇవ్వాలి. వాళ్లను ఊరి నుంచి రన్‌వే దాకా చేర్చే అంబులెన్స్ ఉండాలి. ప్రైవేటు విమాన కంపెనీల ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. ప్రజల డబ్బు తీసుకుంటున్నప్పుడు, స్థానిక దళిత, ఆదివాసీ యువతకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారో, అవి టికెట్ కౌంటర్‌లోనా, చీపురు పట్టే పనిలోనా చెప్పాలి.

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సబ్‌ప్లాన్ చట్టం కోసం పోరాడినవాళ్లు మనకో పాఠం నేర్పారు. మన పేరు మీద ఖర్చు రాస్తే సరిపోదు, అది నేరుగా మన వాడకు చేరినట్టు చూపాలి. జయపురం రన్‌వేకీ అదే లెక్క వర్తించాలి.