ఆకాశపు పేను నేర్పిన పాఠము

సాక్షి యెంత సత్యసంధుడైనను, క్రాసు పరీక్షకు లోనుగాని వాఙ్మూలమును న్యాయస్థానము తీర్పునకు ఆధారముగ గైకొనదు. విమాన నిర్మాణమున ఈ నియమమును విస్మరించినందుకు 1936వ సంవత్సరమున కొందరు ఔత్సాహికులు ప్రాణములనే చెల్లించుకొనిరి. ఆ వృత్తాంతము హెన్రీ మిన్యే యను ఫ్రెంచివాని చిన్న విమానమునకు సంబంధించినది.

గగనయానము ధనికులకును సైనికులకును మాత్రమే పరిమితము కారాదనునది మిన్యే వాదము. సాధారణ విమానమును నడుపుట తనకే కష్టసాధ్యమయ్యెను గనుక, సామాన్యుడు తన యింటనే నిర్మించుకొని సులభముగ నడుపుకొనదగిన యంత్రమును కల్పింప బూనెను. అతని పదునాలుగవ నమూనా 1933 సెప్టెంబరు 10వ తేదీన గాలిలోనికి లేచెను. దానికి ఆతడు పెట్టిన ముద్దుపేరు 'పూ-దు-సియెల్', అనగా ఆకాశపు పేను. కొయ్యయు గుడ్డయు దాని ముఖ్యసామగ్రి, మోటారుసైకిలు తరగతికి చెందిన యింజను దాని బలము, ఆసనము ఒక్కటే. సుమారు 6 మీటర్ల ముందురెక్క పైనను, అంతకన్న చిన్నదియైన వెనుకరెక్క దాని వెన్నంటియు నుండెను. కాలితో త్రొక్కవలసిన మీటలు లేవు. చేతికఱ్ఱను ముందు వెనుకలకు కదల్చిన ముందురెక్క వాలు మారును. ప్రక్కలకు త్రిప్పిన చుక్కాని తిరుగును. అంతే.

1934లో మిన్యే ఈ నిర్మాణవిధానమును గ్రంథముగ ప్రకటించెను. మరుసటి యేట ఆంగ్లానువాదము వెలువడెను. 1935 ఆగస్టు 13వ తేదీన ఆతడు స్వయముగ ఇంగ్లీషు కాలువను దాటి వచ్చుటతో ఇంగ్లాండున ఉత్సాహము కట్టలు త్రెంచుకొనెను. కొట్టములందును మోటారుషెడ్లయందును పేలు పుట్టసాగెను. ప్రభుత్వ విమానశాఖ సంపూర్ణ యోగ్యతాపత్రము లేకయే ఎగురుటకు అనుమతుల నొసంగెను.

అంతట ప్రమాదములు సంభవించెను. విమానము ముక్కు క్రిందికి వంగి, నడుపువాడు ఎంత ప్రయత్నించినను పైకి లేవక నేలపై పడుచుండెను. ఇంగ్లాండునందును ఫ్రాన్సునందును పలువురు మరణించిన పిమ్మట, 1936లో ఫార్న్‌బరో, షాలే-మ్యూదోన్ పరిశోధనాలయములలో నిలువెత్తు విమానమునే వాయుసొరంగమున నుంచి పరీక్షించిరి. దోషము బయల్పడెను. రెండు రెక్కలును మిక్కిలి దగ్గఱగ నుండెను. విమానము కొంత హద్దు దాటి క్రిందికి వంగినపుడు, దానిని లేపుటకై కఱ్ఱను వెనుకకు లాగిన ముందురెక్క వెనుకంచు దిగి నడిమి సందును ఇరుకు చేయును. ఆ సందున గాలి వేగముగ దూరి వెనుకరెక్కనే యెత్తును. ముక్కు మరింత క్రుంగును. ప్రాణరక్షణకై చేసిన పనియే ప్రాణాంతకమగుచుండెను! ఆ యేటనే ఇంగ్లాండున అనుమతులు నిలిచిపోయెను.

మిన్యేను వంచకుడనుట అన్యాయము. తాను నమ్మని యంత్రమునెక్కి ఎవడును సముద్రము దాటడు. అయినను ఆతని స్వానుభవము ఒక సాక్షి వాఙ్మూలము మాత్రమే. నిర్మాత తన యంత్రపు స్వభావమెఱిగి దానికి నచ్చినట్లు నడుపును. పుస్తకము చదివి కట్టుకొన్న అపరిచితుడు ఎటు వంచునో ఎవరెఱుగుదురు? వాయుసొరంగమున జరిగినదే నిజమైన క్రాసు పరీక్ష. అది తీర్పునకు ముందు జరుగవలసియుండగా, శిక్ష అమలైన పిదప జరిగెను. ఇందు అనుమతి నొసంగిన శాఖకును భాగము కలదు.

ఇంతమాత్రమున ఔత్సాహికుల చేతులు కట్టివేయవలెననుట ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుట వంటిది. మిన్యే రెక్కల యమరికను సవరించి, 1965లో మరణించువఱకును ఆ పరంపరను సాగించెను. అమెరికాలో నేడు స్వయముగ కట్టుకొన్న విమానమును మొదట నిర్ణీత ప్రదేశమున, నిర్ణీత గంటలు, ప్రయాణికులు లేకుండ ఎగురవేసి చూపవలెను. అది ప్రయోగాత్మకమని దానిపై వ్రాయవలెను. స్వేచ్ఛకు భంగము లేదు. పరీక్షకు లోపము లేదు. ఈ మార్గము 1935లోనే తోచియుండిన, ఆకాశపు పేను పేరు విన్నంతనే మరణములు స్మరణకు రాకుండెడివి.